కంపైలర్ ఎర్రర్ వస్తే కంగారు పడకండి!



కంప్యూటర్ కోర్సులు చదివే మన హాస్టల్ విద్యార్థులు చాలామంది ఒక చోటికి వచ్చి ఆగిపోతుంటారు. అప్పటికి ప్రోగ్రామ్ రాయడం ఇంకా మొదలే కాదు. ప్రాజెక్టుకు కావలసిన ఒక ప్యాకేజీని కంప్యూటర్‌లో ఎక్కించడానికి పుస్తకంలో ఉన్న కమాండ్ టైపు చేస్తారు. నిమిషం తిరక్కుండానే తెర నిండా ఎర్ర అక్షరాలు, వంద లైన్ల ఇంగ్లీషు, ఆఖరున 'ఫెయిల్డ్' అన్న మాట.

ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్నయ్యో, బాబాయో ఉన్నవాళ్ళు వెంటనే ఫోన్ చేసి అడుగుతారు. మనలో చాలామందికి ఆ వీలు లేదు. మన ఇళ్ళలో కంప్యూటర్ ముందు మొదట కూర్చున్నది మనమే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి ఆ వంద లైన్లు చూడగానే 'ఇది మనకు వచ్చే చదువు కాదేమో' అనిపిస్తుంది. ప్రాజెక్టును పక్కవాడి పేరు కింద కలిపేసి ఊరుకునేవారు కొందరు, ప్రోగ్రామింగ్ జోలికే వెళ్ళనివారు కొందరు.

నిజానికి ఆ వంద లైన్లలో మన తెలివి గురించి ఒక్క మాట కూడా ఉండదు. 'ఫలానా వస్తువు ఈ కంప్యూటర్‌లో లేదు' అని మాత్రమే ఉంటుంది. ఆ వస్తువు పేరు ఏ లైనులో ఉందో పట్టుకోవడం తెలిస్తే పని సగం అయినట్టే. ఆ పట్టుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం.

ఒక చిన్న మనవి. కమాండ్లను, ఎర్రర్లను ఇక్కడ పలికే విధంగా తెలుగులో రాశాను. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి.

ప్యాకేజీ ఎక్కించడానికి కంపైలర్ ఎందుకు?

పైథాన్ నేర్చుకునేవారికి సహజంగా వచ్చే సందేహం ఇది. 'పైథాన్ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేయనక్కర్లేదు అన్నారు కదా, మరి ఈ కంపైలర్ ఎక్కడి నుంచి వచ్చింది?' అని.

గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ భాష నేర్చుకోవడానికి సులువు. అయితే మనం వాడే పైథాన్‌ను రాసింది సీ భాషలో. సీ భాషను 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారు చేశారు. వేగంగా లెక్కలు చేయాలన్నా, డేటాబేస్ వంటి బయటి సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడాలన్నా ప్యాకేజీ రాసేవారు కొంత భాగాన్ని సీ భాషలోనే రాస్తారు. ఆ భాగాన్ని మన కంప్యూటర్‌కు అర్థమయ్యే యంత్ర భాషలోకి మార్చాలి. ఆ పని చేసేదే కంపైలర్. లైనక్స్‌లో సాధారణంగా వాడేది జీసీసీ. రిచర్డ్ స్టాల్‌మన్ దీనిని 1987లో మొదటిసారి విడుదల చేశారు.

ప్యాకేజీలు మనకు రెండు రూపాలలో అందుతాయి. ఒకటి, కంపైల్ చేసి సిద్ధంగా ఉంచినది. పైథాన్‌లో దీనిని 'వీల్' అంటారు. 2013 నుంచి పిప్ దీనిని గుర్తిస్తోంది. రెండోది సోర్స్, అంటే రాసినది రాసినట్టుగా ఇచ్చేది. పిప్ మొదట మన పైథాన్ వెర్షన్‌కు, మన ఆపరేటింగ్ సిస్టమ్‌కు సరిపోయే వీల్ ఉందా అని చూస్తుంది. ఉంటే దించి ఎక్కిస్తుంది. లేకపోతే సోర్స్ దించి, మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేయడానికి పూనుకుంటుంది. మనం చూసే ఎర్ర అక్షరాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

మన హాస్టల్ వంటగదితో పోల్చి చూద్దాం

వీల్ అంటే హోటల్ నుంచి వచ్చిన భోజనం పార్సిల్ లాంటిది. విప్పి తినడమే. సోర్స్ అంటే వంట విధానం రాసిన కాగితం. అది చేతికి వస్తే సరిపోదు, ఇంకా చాలా కావాలి.

వంట చేయడానికి వంటమనిషి కావాలి. కంపైలరే వంటమనిషి. స్టోరు గదిలో ఏ సరుకు ఏ పేరుతో ఉందో తెలిపే స్టాక్ రిజిస్టర్ కావాలి. కంప్యూటర్‌లో ఇలాంటి రిజిస్టర్లను హెడర్ ఫైళ్ళు అంటారు. వాటి పేర్లు 'డాట్ హెచ్'తో ముగుస్తాయి. స్టోరు గదిలో సరుకు నిజంగా ఉండాలి. దానిని లైబ్రరీ అంటారు. సరుకు తెచ్చి వంటలో కలిపే సహాయకుడు లింకర్. ఇక వంటకు సరిపడా పెద్ద గిన్నె కావాలి. అది కంప్యూటర్ మెమరీ.

ఇందులో ఏది లేకపోయినా వంట ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో చెప్పేదే ఎర్రర్. కాబట్టి కంపైలర్ ఎర్రర్లు ఎన్ని వందల రకాలుగా కనిపించినా, ప్యాకేజీ ఎక్కించేటప్పుడు వచ్చేవి చాలావరకు ఈ ఐదింటిలోనే ఇమిడిపోతాయి: వంటమనిషి లేడు, రిజిస్టర్ లేదు, సరుకు లేదు, కాగితం పాతబడింది, గిన్నె చాలలేదు.

ఎర్రర్‌ను చదివే పద్ధతి

అందరూ చేసే పని చివరి లైను చదవడం. అది ఎక్కువసార్లు పనికిరాదు. 'కమాండ్ జీసీసీ ఫెయిల్డ్ విత్ ఎగ్జిట్ స్టేటస్ 1' అని ఉంటుంది. అంటే వంట కాలేదు అని మాత్రమే. ఎందుకు కాలేదో అందులో లేదు. ఇప్పటి పిప్ ఇంకో మాట కూడా చెబుతుంది: 'దిస్ ఎర్రర్ ఒరిజినేట్స్ ఫ్రమ్ ఎ సబ్‌ప్రాసెస్, అండ్ ఈజ్ లైక్లీ నాట్ ఎ ప్రాబ్లమ్ విత్ పిప్.' అంటే తప్పు పిప్‌ది కాకపోవచ్చు, అది పిలిచిన ఇంకో ప్రోగ్రామ్‌లో జరిగింది, పైకి వెళ్ళి చూడండి అని. పిప్‌ను తీసేసి మళ్ళీ ఎక్కించడం ఎందుకు దండగో ఈ వాక్యమే చెబుతోంది.

చేయవలసింది ఇది. తెర మీది మాటలన్నీ కాపీ చేసి ఒక టెక్స్ట్ ఫైలులో పెట్టుకోండి. అందులో 'ఎర్రర్' అన్న మాటను పై నుంచి వెతకండి. మొదట కనబడిన ఎర్రరే అసలుది. దాని కింద వచ్చే ఇరవై ఎర్రర్లు చాలావరకు దాని పిల్లలే. 'వార్నింగ్' అని ఉన్నవాటిని వదిలేయండి. అవి హెచ్చరికలు, పనిని ఆపవు. 

ఇంగ్లీషు కష్టంగా ఉన్నవారికి ఈ కొద్ది మాటలు తెలిస్తే చాలు.

నాట్ ఫౌండ్, కెనాట్ ఫైండ్: దొరకలేదు.
నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ: ఆ పేరుతో ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు.
ఫేటల్ ఎర్రర్: ఇక ముందుకు వెళ్ళలేను, ఇక్కడే ఆపేస్తున్నాను.
అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్: పేరు తెలుసు గానీ సరుకు దొరకలేదు.
రిక్వైర్డ్: ఇది తప్పనిసరిగా కావాలి.
కిల్డ్: పని మధ్యలో బలవంతంగా ఆపేశారు.

ఒక ఉదాహరణ: మైఎస్‌క్యూఎల్‌క్లయింట్

డిగ్రీ, ఇంజనీరింగ్ ప్రాజెక్టులలో హాజరు పట్టిక, లైబ్రరీ పుస్తకాల లెక్క వంటివి పైథాన్‌తో జాంగోలో చేసి, సమాచారాన్ని మైఎస్‌క్యూఎల్‌లో దాస్తుంటారు. ఆ రెండింటినీ కలపడానికి మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ అనే ప్యాకేజీ కావాలి. విండోస్‌కు దీని వీల్ దొరుకుతుంది. లైనక్స్‌లో మాత్రం సోర్స్ నుంచి కంపైల్ కావలసిందే. ల్యాబులో కొత్తగా ఎక్కించిన ఉబుంటు ఉందనుకుందాం. 'పిప్ ఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్‌క్లయింట్' అని కొట్టాం.

మొదటి ఎర్రర్: చివరన 'కెన్ నాట్ ఫైండ్ వ్యాలిడ్ పీకేజీ-కాన్ఫిగ్ నేమ్' అని వస్తుంది. కొంచెం పైన 'పీకేజీ-కాన్ఫిగ్: నాట్ ఫౌండ్' అని, 'ఎగ్జిట్ స్టేటస్ 127' అని ఉంటుంది. లైనక్స్‌లో 127 అంటే ఆ కమాండే కంప్యూటర్‌లో లేదని అర్థం. లైబ్రరీలు ఎక్కడున్నాయో వెతికిపెట్టే చిన్న సాధనం పీకేజీ-కాన్ఫిగ్. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పీకేజీ-కాన్ఫిగ్' అని ఎక్కించాం.

రెండో ఎర్రర్: మళ్ళీ ప్రయత్నిస్తే చివరి లైను అచ్చం మొదటిదే! ఇక్కడే చాలామంది 'ఏమీ మారలేదు' అని నిరాశ పడతారు. కానీ పైకి వెళ్ళి చూడండి. 127 ఉన్నచోట ఇప్పుడు 1 ఉంది. అంటే వెతికేవాడు వచ్చాడు, వెతికాడు, సరుకు దొరకలేదు. కావలసింది మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ, దాని హెడర్లు. ఉబుంటులో ఆ రెండూ కలిసి 'డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్' అనే పేరుతో వస్తాయి. అదీ ఎక్కించాం.

మూడో ఎర్రర్: 'కమాండ్ ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ-జీసీసీ ఫెయిల్డ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.' పేరు పొడుగ్గా ఉన్నా చివర జీసీసీ కనబడుతోంది కదా! వంటమనిషే లేడన్నమాట. 'బిల్డ్-ఎసెన్షియల్' అనే ప్యాకేజీ ఎక్కిస్తే జీసీసీతో పాటు కంపైల్ చేయడానికి కావలసిన మామూలు పనిముట్లన్నీ వస్తాయి.

నాలుగో ఎర్రర్: 'ఫేటల్ ఎర్రర్: పైథాన్ డాట్ హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.' కంప్యూటర్‌లో పైథాన్ ఉంది, నడుస్తోంది కూడా. మరి లేదంటుందేమిటి? స్టోరులో సరుకు ఉంది గానీ రిజిస్టర్ లేదు. ఉన్న ప్రోగ్రామ్‌ను నడపడానికి సరుకు ఉంటే చాలు. కొత్తగా వండాలంటే రిజిస్టర్ కావాలి. ఉబుంటులో ఈ రెండింటినీ విడివిడిగా ఇస్తారు. పేరు చివర '-డెవ్' ఉన్న ప్యాకేజీలలో ఉండేవి ఈ రిజిస్టర్లే. ఇక్కడ కావలసింది 'పైథాన్3-డెవ్'. ఎక్కించి మళ్ళీ కొడితే 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అని వస్తుంది.

ఈ నాలుగు మెట్లలో మనం గమనించవలసింది ఒకటుంది. ఎర్రర్ మారిందంటే ముందుకు వెళ్ళినట్టే. నాలుగుసార్లు ఓడిపోయామనుకోకూడదు, నాలుగు మెట్లు ఎక్కామనుకోవాలి. ఈ నాలుగు పేర్లూ ముందే తెలిసినవారు ఒకే కమాండ్‌లో నాలుగూ రాసి ఎక్కిస్తారు. తేడా అంతే.

మిగతా రకాలు

లింకర్ ఎర్రర్: 'ఎల్‌డీ: కెనాట్ ఫైండ్ -ఎల్ఎస్ఎస్ఎల్' వంటి లైను కనబడితే కంపైల్ అయిపోయింది, కలిపే దగ్గర సరుకు దొరకలేదని అర్థం. మొదటి 'ఎల్' అంటే లైబ్రరీ. తరువాత ఉన్న 'ఎస్ఎస్ఎల్' దాని పేరు. ఉబుంటులో ముందు 'లిబ్', వెనుక '-డెవ్' తగిలిస్తే 'లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్' అవుతుంది. అన్ని పేర్లూ ఇంత తేలికగా దొరకవు. అప్పుడు 'ఆప్ట్-ఫైల్' అనే సాధనాన్ని ఎక్కించుకొని, దొరకని ఫైలు పేరు ఇస్తే అది ఏ ప్యాకేజీలో ఉందో చెబుతుంది.

వెర్షన్ ఎర్రర్: సీనియర్ల ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నప్పుడు ఎక్కువగా వచ్చేది ఇదే. అందులోని రిక్వైర్‌మెంట్స్ ఫైలులో 2020 నాటి నంపై 1.19 అని రాసి ఉంటుంది. మన కంప్యూటర్‌లో పైథాన్ 3.12 ఉంటుంది. అంత పాత నంపైకి ఈ పైథాన్‌కు సరిపోయే వీల్ లేదు. పిప్ సోర్స్ దించి కంపైల్ చేయబోతుంది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో 'డిస్ట్‌యుటిల్స్' అనే పాత భాగాన్ని తీసివేశారు. పాత ప్యాకేజీలు దాని మీద ఆధారపడినవి. కాబట్టి కంపైల్ కాదు. జీసీసీ కూడా అంతే. 2024లో వచ్చిన జీసీసీ 14, అంతకు ముందు హెచ్చరికతో వదిలేసిన కొన్ని పాత సీ అలవాట్లను ఇప్పుడు ఎర్రర్‌గా లెక్కిస్తోంది. ఇలాంటప్పుడు ఎన్ని '-డెవ్' ప్యాకేజీలు ఎక్కించినా లాభం లేదు. ప్యాకేజీ కొత్త వెర్షన్ తీసుకోవాలి, లేదా దానికి తగిన పాత పైథాన్‌ను విడిగా పెట్టుకోవాలి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది. అది వచ్చిన మరుసటి రోజే ఎక్కించుకుంటే చాలా ప్యాకేజీలకు ఇంకా వీళ్ళు తయారై ఉండవు. చదువుకునేవారు ఒక వెర్షన్ వెనుక ఉండడమే మేలు.

మెమరీ ఎర్రర్: 'కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1' అని వస్తే ఏ ఫైలూ తక్కువ కాలేదు. మెమరీ చాలక లైనక్సే కంపైలర్‌ను ఆపేసింది. 2 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటర్లలో ఇది మామూలే. బ్రౌజర్ వంటివన్నీ మూసి మళ్ళీ ప్రయత్నించాలి. చాలకపోతే హార్డ్ డిస్క్‌లో కొంత చోటును మెమరీలా వాడుకునే స్వాప్ ఫైలు పెట్టుకోవాలి.

విండోస్‌లో: 'మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 ఆర్ గ్రేటర్ ఈజ్ రిక్వైర్డ్' అని వస్తుంది. వంటమనిషి లేడని దీని అర్థం. దీనికి కావలసింది మైక్రోసాఫ్ట్ ఇచ్చే 'బిల్డ్ టూల్స్'. చాలామంది పేరు చూసి 'రీడిస్ట్రిబ్యూటబుల్' అనే దానిని దించుకుంటారు. అందులో సరుకే ఉంటుంది గానీ కంపైలర్ ఉండదు. బిల్డ్ టూల్స్ కొన్ని జీబీల బరువు. మొబైల్ డేటాతో దించేవారు ముందుగా ఆ ప్యాకేజీకి వీల్ ఉన్న పైథాన్ వెర్షన్ ఏదో చూసుకుంటే ఆ ఖర్చే తప్పుతుంది. 'పిప్ ఇన్‌స్టాల్' తరువాత '--ఓన్లీ-బైనరీ :ఆల్:' అని చేర్చి ప్యాకేజీ పేరు ఇస్తే, వీల్ లేనప్పుడు కంపైల్‌కు దిగకుండా లేదని వెంటనే చెప్పేస్తుంది.

ఆర్ భాషలో: స్టాటిస్టిక్స్ విద్యార్థులు ఆర్ భాష వాడతారు. విండోస్‌లో దాని ప్యాకేజీలు ఎక్కువగా సిద్ధం చేసినవే వస్తాయి. ఉబుంటులో మామూలుగా సోర్స్ వస్తుంది. అక్కడ 'ఎక్స్ఎంఎల్2' వంటి ప్యాకేజీ ఆగిపోయినప్పుడు, ఉబుంటులో 'లిబ్‌ఎక్స్ఎంఎల్2-డెవ్' ఎక్కించి చూడమని ఆ సందేశమే చెబుతుంది. చివరి లైను 'నాన్-జీరో ఎగ్జిట్ స్టేటస్' మాత్రమే చదివి వదిలేసినవారికి ఆ సలహా కనబడదు.

చేయకూడని పనులు

1. ఎర్రర్ రాగానే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఫార్మాట్ చేయకండి. మళ్ళీ ఎక్కించినా ఆ '-డెవ్' ప్యాకేజీ దానంతట అది రాదు. ఉన్న ఫైళ్ళు మాత్రం పోతాయి.

2. 'సుడో పిప్' అని కొట్టకండి. సిస్టమ్ సొంతానికి వాడుకునే పైథాన్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఇప్పటి ఉబుంటు 'ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్-ఎన్విరాన్‌మెంట్' అని అడ్డుకునేది ఇందుకే. అది కంపైలర్ ఎర్రర్ కాదు. ప్రాజెక్టుకు విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకుంటే సరిపోతుంది.

3. దొరకని హెడర్ ఫైలును ఎక్కడి నుంచో ఒక్కదాన్నే తెచ్చి పెట్టకండి. రిజిస్టర్ ఒక హాస్టల్‌ది, సరుకు ఇంకో హాస్టల్‌ది అయినట్టుంటుంది.

4. కంపైల్ చేయక తప్పదని ముందే అనుకోకండి. పోస్ట్‌గ్రెస్ వాడేవారికి 'సైకోపీజీ2' కంపైల్ కాకపోతే 'సైకోపీజీ2-బైనరీ' ఉంది. చదువుకోవడానికి అది చాలు. 'పైమైఎస్‌క్యూఎల్' పూర్తిగా పైథాన్‌లోనే రాసింది. దానికి కంపైలరే అక్కర్లేదు. జాంగోవారు సూచించేది మాత్రం మైఎస్‌క్యూఎల్‌క్లయింట్‌నే.

ఇతరులను అడిగేటప్పుడు

అన్నీ చూసినా తెగకపోతే అడగడంలో నామోషీ లేదు. అయితే 'సార్, ఇన్‌స్టాల్ కావడం లేదు' అంటే ఎంత తెలిసిన లెక్చరర్ అయినా ఏమీ చెప్పలేరు. ఐదు విషయాలు కాగితం మీద రాసుకొని వెళ్ళండి: ఆపరేటింగ్ సిస్టమ్ ఏది, దాని వెర్షన్, పైథాన్ వెర్షన్, మీరు కొట్టిన కమాండ్ ఉన్నదున్నట్టుగా, పై నుంచి మొదట వచ్చిన ఎర్రర్ లైను. ఈ ఐదూ రాసేసరికి సగం సందర్భాలలో జవాబు మీకే తడుతుంది.

ఇంకొక మాట. ఎర్రర్ తీరిన రోజు ఆ సంగతిని ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎడమ పేజీలో ఎర్రర్ లైను, కుడి పేజీలో ఏం ఎక్కిస్తే పోయిందో రాసి, పైన తేదీ, వెర్షన్ వేయండి. ఆ పుస్తకాన్ని ట్రంకు పెట్టెలో దాచుకోకుండా స్టడీ అవర్‌లో అందరికీ అందేచోట పెట్టండి. ఇంట్లో అడగడానికి అన్నయ్య లేని జూనియర్‌కు రాత్రి పది గంటలకు 'పైథాన్ డాట్ హెచ్' దగ్గర పని ఆగిపోతే, ఆ పుస్తకమే అన్నయ్య అవుతుంది.